ఎర్రకన్ను అని రాసి ఊరుకుంటే
(శ్రీకాకుళంలో నేత్రదాన పక్షోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, నేత్ర వైద్యులకు, ఆప్తాల్మిక్ ఆఫీసర్లకు, ఊరేగింపులో ఎండకు నడిచి వచ్చిన విద్యార్థులకు నమస్కారం. ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 వరకు జరిగే ఈ పక్షోత్సవాల్లో నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నేత్రదానం గురించి చెప్పవలసినదంతా నాకు ముందు మాట్లాడినవారు చెప్పేశారు కాబట్టి, ఉద్యోగమంతా ఆస్పత్రి రికార్డుల గదిలో గడిపిన మనిషిగా నేను వేరే సంగతి ఎత్తుకుంటాను. దానంగా వచ్చిన కార్నియా మసకబారిన కంటి ముందుపొరను మార్చడానికి పనికొస్తుంది గాని, లోపలి యువియా పొర ఏళ్ల తరబడి వాచి దెబ్బతిన్న కంటికి పోయిన చూపును తెచ్చిపెట్టలేదు. ఆ నష్టంలో మన రాతకు, అంటే రోగ నిర్ధారణను కాగితం మీద పెట్టి ఐసీడీ అనే అంతర్జాతీయ జబ్బుల జాబితా ప్రకారం దానికి అక్షరం, అంకెలతో కోడు వేసే పనికి, ఎంత వాటా ఉందో చెప్పాలని వచ్చాను.

పొందూరు దగ్గర ఒక పల్లెలో చరఖా మీద నూలు వడికే ఒకామె ఉండేది. కన్ను ఎర్రబడి, నొప్పితో, వెలుగు చూడలేక ఆస్పత్రికి వచ్చేది. చీటీ మీద కండ్లకలక అని రాసి చుక్కల మందు ఇచ్చేవారు. కొన్నాళ్లు తగ్గేది, మందు ఆపగానే తిరగబెట్టేది. వచ్చిన ప్రతిసారీ కొత్త ఓపీ చీటీ, కొత్త నంబరు, కంప్యూటర్లో మాత్రం అదే హెచ్10.9, అంటే ఏ రకమో చెప్పని కండ్లకలక. మధ్యలో విసిగిపోయి, మందుల షాపులో పాత సీసా చూపించి స్టెరాయిడ్ చుక్కలు తానే కొనుక్కుంది. చివరకు ఐరిస్, అంటే కంటి నడిమి రంగు పొర, వెనకనున్న లెన్సుకు అతుక్కుపోయి, శుక్లం ముదిరి, శిబిరంలో ఆపరేషనుకు చేరితే, కేసు షీటు మీద హెచ్25 పడింది. అది వయసు పైబడినవారికి వచ్చే శుక్లం కోడు. అయ్యా, ఆమెకు అప్పటికి నలభై ఏళ్లు నిండలేదు! కంటి జబ్బు వల్ల వచ్చే శుక్లానికి హెచ్26.2 ఉంది, మందుల వల్ల వచ్చే శుక్లానికి హెచ్26.3 ఉంది, కంటి వాపు వల్ల వచ్చే గ్లాకోమాకు, అంటే నీటికాసులకు, హెచ్40.4 ఉంది. ఇన్ని గదులు ఖాళీగా ఉండగా ఆమెను తీసుకెళ్లి ముసలివారి వరుసలో కూర్చోబెట్టారు.

ఇది గుమాస్తా గొడవ అనుకోకండి. ఆమెది అసలు యువియైటిస్, అంటే నేను మొదట చెప్పిన యువియా పొర వాపు. అది ఉన్న కంటికి శుక్లం తీయాలంటే ముందు కనీసం మూడు నెలలు వాపు లేకుండా అణిచి ఉంచాలన్నది వైద్యుల ఆనవాయితీ. హెచ్25 అని చూసిన సర్జనుకు ఆ అనుమానం ఎలా వస్తుంది? ఆపరేషను తరువాత ఆమె కన్ను మళ్లీ భగ్గుమంది. జిల్లా లెక్కల్లో మాత్రం అది ఇప్పటికీ జయప్రదంగా జరిగిన శుక్లం ఆపరేషనే.

ఈ కోడుల చరిత్ర రెండు మాటల్లో చెబుతాను. 1893లో బెర్టిలాన్ అనే ఫ్రెంచి గణాంకవేత్త మరణ కారణాలకు వేసిన జాబితాయే దీనికి మూలం. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని చేపట్టి, చావుకు దారితీయని జబ్బులకు కూడా చోటిచ్చింది. మనం వాడుతున్న పదో కూర్పు 1990లో ఆమోదం పొందింది, పదకొండోది 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఆ పదో కూర్పులో యువియా ముందుభాగం వాపుకు హెచ్20 కేటాయించారు. హఠాత్తుగా వచ్చేదీ, తగ్గి మళ్లీ వచ్చేదీ హెచ్20.0 కిందికి, దీర్ఘకాలికమైనది హెచ్20.1 కిందికి వస్తాయి. ఈ రెంటికీ గీత ఎక్కడ గీయాలో యువియైటిస్ నిపుణుల బృందం ఒకటి 2005లో ప్రకటించింది: మందు ఆపిన మూడు నెలల లోపే తిరగబెడితే దీర్ఘకాలికం, మందు లేకుండానే మూడు నెలలో ఆపైనో నెమ్మదిగా ఉండి తరువాత వస్తే మళ్లీ మళ్లీ వచ్చేది. మొదటిదానికి చాలాకాలం వాపును అణిచి ఉంచే వైద్యం కావాలి, రెండోదానికి వచ్చినప్పుడు చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. మందు ఎప్పుడు ఆపారో డాక్టరు గారు చీటీ మీద రాయకపోతే, కోడు వేసే కుర్రవాడు దానిని ఊహించి వేయకూడదు. అతను హెచ్20.9 వేసి, వివరం లేదని ఊరుకుంటాడు. తప్పు అతనిది కాదు.

ఇంకొక మాట. కీళ్లవాతం ఉన్న పిల్లల్లో ఈ వాపు వస్తే చాలాసార్లు కన్ను ఎర్రబడదు, నొప్పీ ఉండదు. ఎర్రకన్ను కోసం వెతికే మన అలవాటుకు ఆ బిడ్డ అసలు కనిపించడు. హెచ్20.1 పక్కన ఎం08, అంటే పిల్లల కీళ్లవాతం, చేరితేనే కీళ్లు చూసే డాక్టరు, కళ్లు చూసే డాక్టరు ఒకే బిడ్డ గురించి మాట్లాడుకుంటారు. క్షయ వల్ల కంటికి వచ్చిన జబ్బుకు ఏ18.5, కుష్ఠుకు ఏ30 అని మూలకారణాన్ని ముందు వేసి కంటి కోడును తరువాత వేయాలి. సాలూరులో కుష్ఠు ఆస్పత్రి పెట్టవలసి వచ్చిన ప్రాంతం మనది, ఈ జత ఎవరికి తెలియకపోయినా మనకు తెలియాలి.

లెక్కలో లేని జబ్బుకు నిధులు రావు, మందులు రావు. ఉద్దానంలో కిడ్నీ రోగులను ఊరూరా తిరిగి లెక్కించబట్టే గదా ఆ బాధ దేశానికి తెలిసింది, 2023 డిసెంబరులో పలాసకు ఆస్పత్రి వచ్చింది! కంటి వాపు రోగులు అంతమంది ఉన్నారని నేను అనడం లేదు, ఎంతమంది ఉన్నారో చెప్పే రికార్డును మనం తయారు చేయలేదని అంటున్నాను.

సమయం అయిందని అధ్యక్షులు చీటీ పంపారు, ముగిస్తున్నాను. జిల్లా వైద్యాధికారులు ఈ సభలోనే ఉన్నారు కనుక వారిని నేరుగా అడుగుతున్నాను. ఓపీ కంప్యూటర్లో కంటి జబ్బుల జాబితా తెరవగానే పైన హెచ్10.9 కనబడుతుంది, క్యూ పొడుగ్గా ఉన్న పూట ఆపరేటరు చెయ్యి దాని మీదే పడుతుంది. దానిని అడుగుకు దించండి. ఒకే రోగికి అదే కోడు మూడోసారి పడబోతుంటే, పాత చీటీలు చూడమని తెర మీద ఒక హెచ్చరిక వచ్చేటట్టు చేయించండి. కన్ను కుడో ఎడమో మన కోడు చెప్పదు కాబట్టి, దాని కోసం చీటీ మీద ఒక గడి అచ్చు వేయించండి.