పాస్‌పోర్ట్ అడిగితే జనం రావడం ఆగుతుందా?

నమస్తే అండీ, నేను ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా మోటు నుంచి మాట్లాడుతున్నా, అదేనండీ శబరి, సీలేరు కలిసే చోటు. ఇక్కడ్నుంచి కలిమెల వైపు వెళ్తే కొన్ని ఊళ్లకి పేర్లుండవు, ఎంవీ 79 అని ఇలా నంబర్లే. ఎంవీ అంటే మల్కన్‌గిరి విలేజ్. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీలని 1958లో పెట్టిన దండకారణ్య ప్రాజెక్టు కింద తెచ్చి భూమిచ్చి కూర్చోబెట్టిన ఊళ్లివి. సంతలో చేపలమ్మే పెద్దాయన ఒకాయన వాళ్ల నాన్నగారి శరణార్థి కార్డు చూపించారు, మడతల దగ్గర చిరిగిపోతే టేపేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బొడ్డులో దోపుకుని తిరుగుతారు. అది చూశాక దక్షిణ అమెరికాలోని వెనెజులా వాళ్ల సంగతి మీకు చెప్పాలనిపించింది.

అక్కడ జీతం తిండికి చాలక, మందులు దొరక్క 70 లక్షల మందికి పైనే దేశం వదిలేశారు, ఎక్కువమంది చుట్టుపక్కల దేశాలకే. మొదట్లో పెరూ బాగానే ఉంది, 2017లో టెంపరరీ పర్మిట్ కూడా ఇచ్చింది. జనం పెరిగేసరికి మాట మారింది. 2018 ఆగస్టులో ఈక్వడార్ పాస్‌పోర్ట్ ఉంటేనే రమ్మంది, 2019 జూన్‌లో పెరూ, చిలీ, ఆగస్టులో ఈక్వడార్ వీసా అడిగాయి. అసలు అప్పట్లో వెనెజులాలో పాస్‌పోర్ట్ సంపాదించడమే పెద్ద గండం, నెలలు పట్టేది, డబ్బూ బోలెడయ్యేది. మరి ఆకలితో బయల్దేరినోడు ఆగుతాడా? అడ్డదారిన వచ్చాడు, దారి చూపించేవాడికి డబ్బులిచ్చి మరీ, ఇది ఎవరికైనా ముందే తెలియాల్సిన విషయం అని నాకనిపిస్తుంది.

కొలంబియా వేరేలా ఆలోచించింది. 2,200 కిలోమీటర్ల బోర్డర్, మూయడం అయ్యే పని కాదు, పైగా ఒకప్పుడు కొలంబియా వాళ్లే పని కోసం వెనెజులా వెళ్లినవాళ్లు. 2021లో అప్పటి ప్రెసిడెంట్ ఇవాన్ డ్యూకే 10 ఏళ్ల ప్రొటెక్షన్, అంటే అక్కడే ఉండనిచ్చే కార్డు ఇచ్చారు, ఆ జనవరి 31కి ముందే దేశంలో ఉన్నట్టు చూపిస్తే చాలు, పాస్‌పోర్ట్ మీద ముద్ర లేకుండా దూరినోళ్లకి కూడా. కార్డుంటే ఉద్యోగం, ఆసుపత్రి, బ్యాంకు అకౌంట్. ఆ తేదీ దాటాక దొంగదారిన వచ్చినోళ్లు మాత్రం బయటే ఉండిపోయారు, అది నాకు బాధే.

ఇంకోటి చెప్పాలి. కొలంబియాలో వెనెజులా అమ్మలకి పుట్టిన పిల్లల బర్త్ సర్టిఫికెట్ మీద ఇది జాతీయతకి రుజువు కాదు అని రాసుండేది. అప్పట్లో రెండు దేశాలకీ మాటల్లేక కాన్సులేట్లు, అంటే అవతలి దేశం ఆఫీసులు, మూతపడ్డాయి, అమ్మ దేశంలోనూ నమోదు చేయించలేకపోయారు. 2019 ఆగస్టులో అలాంటి 24 వేల మందికి పైగా పిల్లల్ని కొలంబియా తన పౌరులుగా తీసుకుంది, అదే సర్టిఫికెట్ మీద చెల్లుతుంది అని రాసిచ్చింది.