పాడని పిల్లలకూ బడిలో చోటుండాలి

అధ్యక్షుల వారికి, ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

ప్రజాస్వామ్యంలో చదువు దేనికి, ఉదార భావాలకు అందులో చోటెంత అన్న విషయం మీద మాట్లాడమన్నారు. సిద్ధాంతాలతో మొదలుపెట్టను. మన సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసు చెప్తాను. నాకు తెలిసి, ఈ ప్రశ్నకు మన దేశంలో దొరికిన మంచి జవాబుల్లో అదొకటి.

కేరళలో ఒక హైస్కూలు. పొద్దున అసెంబ్లీలో జాతీయగీతం మొదలవుతుంది. పదో తరగతి, తొమ్మిదో తరగతి, ఐదో తరగతి చదివే ముగ్గురు తోబుట్టువులు అందరితో పాటు నిటారుగా నిలబడతారు, కానీ పాడరు. వాళ్లది యెహోవా సాక్షుల మతశాఖ. తమ దేవుడికి చేసే ప్రార్థనలో తప్ప ఇలాంటి ఏ గీతంలోనూ గొంతు కలపకూడదని వాళ్ల నమ్మకం. వాళ్ల కంటే ముందు వాళ్ల అక్కలు అదే బడిలో అలాగే చదువుకుని వెళ్లారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. 1985 జూలైలో ఒక ఎమ్మెల్యే ఆ అసెంబ్లీకి వచ్చి చూశాడు. ఇది దేశభక్తి కాదనుకుని శాసనసభలో ప్రశ్న వేశాడు. విచారణ జరిగింది. ఈ పిల్లలు చట్టాన్ని గౌరవించేవాళ్లే, గీతాన్ని అవమానించలేదు అని నివేదిక వచ్చింది. అయినా పై అధికారుల ఆదేశాల ప్రకారం జూలై 26న ప్రధానోపాధ్యాయురాలు ముగ్గురినీ బడి నుంచి తీసేశారు.

తండ్రి హైకోర్టుకు వెళ్లాడు. అక్కడ రెండు సార్లు ఓడిపోయాడు. ఎందుకు ఓడిపోయాడో కొంచెం ఆగి చూడాలి. హైకోర్టు జాతీయగీతాన్ని మాట మాటా పరిశీలించింది. ఎవరి మత భావాలనూ నొప్పించే మాట ఇందులో ఒక్కటీ లేదని తేల్చింది. నిజమే, లేదు. కానీ గీతంలో ఫలానా మాట తప్పని ఆ పిల్లలు ఎప్పుడన్నారు? ఏ దేశపు గీతమైనా మేం పాడం అన్నారు, అంతే. వాళ్లు చెప్పింది ఒకటైతే కోర్టు జవాబిచ్చింది ఇంకోదానికి. ఎదుటివాడు ఏమంటున్నాడో పూర్తిగా వినకుండా తీర్పు చెప్పేయడం చదువుకున్నవాళ్లు కూడా, ఒక్కోసారి చదువుకున్నవాళ్లే ఎక్కువగా, చేసే పని.

సుప్రీంకోర్టులో ఈ కేసు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ముందుకు వచ్చింది. మన తెలుగువాడు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జిగా ఉండగా, ఎమర్జెన్సీ కాలంలో 1976లో పంజాబ్, హర్యానా హైకోర్టుకు బదిలీ అయిన మనిషి. 1986 ఆగస్టు 11న వచ్చిన తీర్పు ఆయన రాసిందే. 1971 నాటి చట్టం ప్రకారం గీతం పాడేవాళ్లను అడ్డుకోవడం, పాడుతున్న సభను చెడగొట్టడం నేరం. మర్యాదగా నిలబడి మౌనంగా ఉండటం నేరం కాదు. గీతం పాడాలని విద్యాశాఖ సర్క్యులర్ ఉంది కదా అంటారా, సర్క్యులర్ చట్టం కాదు. రాజ్యాంగం 19వ (భావప్రకటన), 25వ (మతస్వేచ్ఛ) అధికరణాల్లో ఇచ్చిన హక్కును చట్టం లేకుండా ఒక శాఖాపరమైన కాగితంతో తీసేయడం కుదరదు. ఒక నమ్మకం మన బుద్ధికి నచ్చిందా లేదా అన్నది కోర్టు చూడదు, అవతలివాళ్లు దాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా అన్నదే చూస్తుంది. ఇలా వరసగా చెప్పుకుంటూ వచ్చి చివర్లో ఆయన రాసిన మాటల సారాంశం ఇది: మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్త్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు. పిల్లల్ని మళ్లీ బడిలో చేర్చుకోమని ఆదేశించారు.

ఆ తీర్పులో అమెరికా కేసులు రెండు ప్రస్తావనకు వస్తాయి. 1940లో అక్కడి సుప్రీంకోర్టు, బడి పిల్లలు జెండాకు వందనం చేసి తీరాల్సిందేనని 8–1తో చెప్పింది. అక్కడ కాదన్న పిల్లలూ యెహోవా సాక్షులే. ఆ తర్వాత ఆ మతం వాళ్ల మీద ఊళ్లలో దాడులు జరిగాయి. మూడేళ్లకే, 1943లో, రెండో ప్రపంచయుద్ధం జోరుగా సాగుతుండగా, అదే కోర్టు 6–3తో ఆ తీర్పును కొట్టేసింది. ముందు బలవంతం చేయొచ్చన్న జడ్జీల్లో ముగ్గురు ఈసారి మనసు మార్చుకున్నారు. దేశమంతా యుద్ధావేశంలో ఉన్నప్పుడు, అత్యున్నత న్యాయస్థానంలో కూర్చుని, మేం అప్పుడు పొరబడ్డాం అనడానికి ఎంత ధైర్యం కావాలి! నా లెక్కలో చదువు అంటే అది.

మన సంగతికి వద్దాం. అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ, రాజ్యాంగ నైతికత, అంటే రాజ్యాంగ పద్ధతులను మనసారా గౌరవించే గుణం, మనిషికి పుట్టుకతో రాదని, దాన్ని పెంచి పోషించుకోవాలని అన్నారు. మన నేల స్వభావం ప్రజాస్వామికం కాదు, ప్రజాస్వామ్యం దాని మీద పరిచిన పై పొర మాత్రమే అన్నారు. మరి ఆ నైతికత ఎక్కడ పెరగాలి? ఇంట్లోనా? పెద్దవాళ్లకు ఎదురు చెప్పకు అన్నది ఇంట్లో మొదటి పాఠం. మాట్లాడే చనువు, తినే చనువు, పెళ్లి చేసుకునే చనువు ఎవరితో ఉండాలో కులం ముందే గీత గీసి పెడుతుంది. తనలాంటి వాళ్లు కాని పిల్లల పక్కన, ఒకే బెంచీ మీద, సమానంగా కూర్చునే అవకాశం పిల్లకు దొరికే మొదటి చోటు బడి. చాలామందికి ఆఖరి చోటు కూడా అదే. అందుకే బడిలో ఆ ముగ్గురికి చోటుందా లేదా అన్నది చిన్న విషయం కాదు.

మన రెండు రాష్ట్రాల్లో పదో తరగతి అయ్యాక ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎంపీసీ లేదా బైపీసీ. హాస్టలు, స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, మార్కుల్ని బట్టి సెక్షన్లు. మార్కులు బాగా వస్తాయని తెలుగు వదిలి సంస్కృతం. సాంఘికశాస్త్రం పుస్తకం పదిహేనేళ్లకే అటకెక్కుతుంది. ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించింది 1989లో. అంటే పౌరసత్వం గురించిన చివరి పాఠానికీ మొదటి ఓటుకీ మధ్య ఉన్న మూడేళ్లలో మన పిల్లలు నేర్చుకునేది నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకోవడం. అది కూడా నిమిషంలోపు. ఎందుకు అని అడిగితే టైం లేదు, సిలబస్ అవ్వదు అంటారు. ఆ పాత పుస్తకంలో ఉన్నది మాత్రం ఎలా నేర్పాం? ప్రాథమిక హక్కులు ఎన్ని? ఆరు. ఒక మార్కు. ఆ ఆరింటిలో ఒకదాన్ని ఎవరైనా నిజంగా వాడుకుంటే పక్కవాళ్లకు ఎంత ఇబ్బందిగా ఉంటుందో, ఆ ఇబ్బందిని ఎలా భరించాలో ఎవరూ నేర్పలేదు.

పొలం అమ్మి ఫీజు కట్టే తండ్రిని నేను తప్పు పట్టను. కొడుకు స్థిరపడితే చాలు, మిగతావన్నీ తర్వాత అనే ఆయన టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ ఆ కొడుకే రేపు ఇల్లు అద్దెకిస్తూ మీదే కులం అని అడగొచ్చు, మీరు మాంసం తింటారా అని అడగొచ్చు. ఆఫీసులో పది మంది మీద మేనేజరై, తనతో ఏకీభవించని ఒక్కరినీ పక్కన పెట్టొచ్చు. ఈఏపీసెట్ ర్యాంకు దీనికి మందు కాదు. అధికారం ఎంత చిన్నదైనా, అది చేతికొచ్చినప్పుడు తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లతో ఎలా మసలుకోవాలో తెలిసి ఉండటం ఉద్యోగానికి వచ్చే అదనపు హంగు కాదు. చదువులో సగం అదే.

ఒక తీర్పు వచ్చిందని పని అయిపోదు. 2016 నవంబరు 30న సుప్రీంకోర్టే, సినిమాహాళ్లలో జాతీయగీతం తప్పనిసరి అంది. 2018 జనవరి 9న, తప్పనిసరి కాదని సవరించింది. ఆ మధ్యకాలంలో హాల్లో లేవలేదని కొన్నిచోట్ల ప్రేక్షకుల మీద తోటి ప్రేక్షకులే చేయి చేసుకున్నారు. చదువుకుని, డబ్బు పెట్టి టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లే. 1986 తీర్పు వాళ్లలో ఎంతమంది బడిలో విని ఉంటారు?

ఇక్కడున్న టీచర్లను ఒకటి అడుగుతాను. ఆ తీర్పు పెద్దదేమీ కాదు, ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. తొమ్మిదో తరగతిలో ఒక పీరియడ్ దానికి ఇవ్వండి. ముందు జరిగిన కథ ఒక్కటే చెప్పి, మీరే జడ్జీలైతే ఏం చేస్తారో రాయమనండి. తర్వాత హైకోర్టు ఏమందో చెప్పండి, ఆ తర్వాత చిన్నపరెడ్డి గారు ఏమన్నారో చెప్పండి. మధ్యలో మీ అభిప్రాయం బయటపెట్టకండి. సగం మంది పాడాల్సిందే అంటారు, అననివ్వండి. ఎవరో ఒక పిల్ల లేచి సుప్రీంకోర్టు చెప్పింది తప్పు అనొచ్చు. ఎందుకు తప్పో కారణాలతో రాయమనండి. బాగా రాస్తే ఆ పిల్లకూ పూర్తి మార్కులు వేయండి.