నంబరు ఉంది, చోటు లేదు

అందరికీ నమస్కారం.

ఇథియోపియా సనాతన (ఆర్థడాక్స్) క్రైస్తవ చర్చిలో పాడేవాళ్లను దెబ్తెరాలు అంటారు. గాయకుడు, పండితుడు కలగలిసిన మనుషులు. వాళ్ల కీర్తనల పుస్తకం పేరు దెగ్గువా, గానం పేరు జేమా, భాష గీజ్. ఇళ్లలో ఎవరూ మాట్లాడని భాష అది, చర్చిలోనే బతికుంది. 6వ శతాబ్దంలో అక్కడి పాత నగరం అక్సుమ్‌కు చెందిన యారేద్ ఈ గానాన్ని కట్టాడని వాళ్ల నమ్మకం. దాన్ని కాగితం మీద గుర్తులతో రాయడం 16వ శతాబ్దంలో మొదలైందంటారు.

పుట తెరిస్తే పెద్ద అక్షరాల వరుస, దాని నెత్తిన చీమల బారులా చిన్న అక్షరాలు, వాటి మధ్య చుక్కలు, వంపు గీతలు కనిపిస్తాయి. చిన్న అక్షరాలు మన సరిగమల్లాంటివి కావు. బాగా తెలిసిన కీర్తనలోని ఒక మాటను కుదించి ఇక్కడ పెడతారు. 'అక్కడ ఆ మాట ఎలా పాడావో ఇక్కడా అలాగే పాడు' అని దాని అర్థం. ఆ కీర్తన గురువు దగ్గర నేర్చుకోనివాడికి అది చీమల బారే. చుక్కలు, గీతలు గొంతు నడకకు. దెరెత్ అంటే రొమ్ము, కుర్త్ అంటే తెంపు, హిదెత్ అంటే పోవడం. పేర్లే సగం పాఠం చెప్పేస్తాయి.

ప్రపంచ లిపుల్లోని ఒక్కో అక్షరానికీ కంప్యూటరు కోసం ఒక్కో నంబరిచ్చే ప్రమాణం యూనికోడ్. 2005లో వచ్చిన దాని 4.1 కూర్పులో ఇలాంటి పది చుక్కల, గీతల గుర్తులకు నంబర్లిచ్చారు. పదహారు ఆధారంగా లెక్కపెట్టే (హెక్సాడెసిమల్) పద్ధతిలో 1390 నుంచి 1399 దాకా. రిక్రిక్ అనే గుర్తుకు ఒకటి, పొట్టి రిక్రిక్‌కు ఇంకొకటి. దెరెత్, హిదెత్ కలిసిన జంటక్కూడా విడిగా ఒకటి.

వీటిని కంప్యూటర్లో టైపు చేసేటప్పుడు మొదటిసారి నేను అక్షరం కొట్టి, వెంటనే గుర్తు కొట్టాను. నెత్తికెక్కుతుందనుకుంటే పక్కన వచ్చి కూర్చుంది. ఫాంటు పాడైందనుకుని ఇంకోటి మార్చాను. అక్కడా అంతే. తప్పు ఫాంటుది కాదు, నా తెలుగు అలవాటుది. మన లిపిలో వేదం అచ్చేసినప్పుడు స్వరాలను చూపే గుర్తుల్లో అనుదాత్తం గీత అక్షరం కిందికి, స్వరితం గీత పైకి వెళ్లి అతుక్కుంటాయి. వాటికి సొంత వెడల్పు ఉండదు. (ఆ పై గీతకు యూనికోడ్ పెట్టిన పేరు 'ఉదాత్త'. కృష్ణ యజుర్వేదపు తైత్తిరీయంలో అది స్వరితానికి గుర్తు. ఒకసారి పెట్టిన పేరు మార్చకూడదని వాళ్ల నియమం. అలా ఉండిపోయింది.)

ఈ పది మాత్రం అతుక్కునే రకం కాదు, విడి గుర్తులు. విచిత్రమేమిటంటే, అదే 4.1లో అదే లిపికి ద్విత్వాన్ని చూపే చుక్కల జంట ఒకటి వచ్చింది. అది చక్కగా అక్షరం నెత్తికెక్కుతుంది. అతుకు ఒకదానికిచ్చి ఇంకోదానికి ఎందుకివ్వలేదు? ద్విత్వం ఆ అక్షరం సొత్తు. రాగపు గుర్తు పై వరుస సొత్తు, చిన్న అక్షరాల సరసన దాని చోటు. నా మటుకు ఆ నిర్ణయం సరైనదే. ఇబ్బంది టైపు చేసేవాడికి.

'సెలామ్' తీసుకోండి, శాంతి అని అర్థం. వాళ్ల లిపిలో మూడక్షరాలు. రెండో అక్షరం తర్వాత ఒక గుర్తు దూర్చామా, వెతికినప్పుడు 'సెలామ్' దొరకదు, మాట విరిగిపోయింది. పైగా ఆ చిన్న అక్షరాలకు వేరే నంబర్లు లేవు, కింద ఉన్న పెద్ద అక్షరాల నంబర్లే. సాదా పాఠంలో ఏది సాహిత్యమో ఏది గుర్తో కంప్యూటరుకు తెలియదు. అందుకే యూనికోడ్ ప్రమాణమే చెప్పేసింది: ఈ గుర్తులు సరిగ్గా కనబడాలంటే నంబర్లు చాలవు, పైన ఇంకో అమరిక ఉండాలి అని.

వెబ్‌లో ఒక దారి ఉంది. జపాన్ వాళ్లు కాంజీ అనే చైనా మూలపు అక్షరాల మీద ఉచ్చారణ రాయడానికి వాడే రూబీ అమరిక. తెర మీద ఉన్నది అలా చేసిందే. కింద సెలామ్, పైన గుర్తులు, చూడ్డానికి దెగ్గువా పుటలానే ఉంది. ఇప్పుడు దీన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేస్తున్నాను. చూశారా, రెండు వరుసలూ ఒకటైపోయాయి. అడగాల్సినవి ఇక్కణ్నుంచి అడగండి.