డాలస్‌లో నా బాలింత స్నానం

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? మా పాప పుట్టి ఈ రోజుకి 18 రోజులు. అమ్మ నాకు పోస్తున్న బాలింత స్నానం గురించి చెప్పమని చాలామంది అడిగారు, అందుకే ఈ వీడియో.

నాది నార్మల్ డెలివరీ. టబ్ నింపుకుని అందులో కూర్చోవద్దు, పైనుంచి పోసుకుంటే పర్లేదు అన్నారు మా డాక్టర్. మన బాలింత స్నానం ఎలాగూ పోసేదే కదా! సిజేరియన్ అయినవాళ్లు మాత్రం కుట్ల సంగతి డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి.

ఊళ్లో అయితే వావిలాకు మరిగించిన నీళ్లు పోస్తారు, ఒళ్లు నొప్పులు లాగేస్తాయని. ఇక్కడ అదెక్కడ దొరుకుతుంది? అలాంటిది మొన్న పార్కింగ్ పక్కన ఊదారంగు పూల చెట్టు చూసి అమ్మ ఆగిపోయింది. ఆకు తుంచి, నలిపి, వాసన చూసి, "ఇది మన వావిలే కదే!" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి తనకి. తీరా చూస్తే దాన్ని ఇక్కడ టెక్సస్ లైలాక్ అంటారట. శాస్త్రీయ నామాల్లో చెప్పాలంటే మన వావిలి వైటెక్స్ నెగుండో, ఇది వైటెక్స్ ఆగ్నస్ కాస్టస్. దగ్గరి చుట్టమే కానీ అదే చెట్టు కాదు. పైగా ఏ పురుగుమందు కొట్టారో తెలియదు. అందుకే వాడలేదు. ఫ్రెండ్ కుండీలో పెంచుకుంటున్న వేపచెట్టు నుంచి గుప్పెడు ఆకు తెచ్చుకున్నాం.

ముందు గోరువెచ్చటి నువ్వుల నూనె. నడుము దగ్గర అమ్మ బొటనవేలు పెట్టి నెమ్మదిగా రుద్దుతుంటే "అక్కడే అమ్మా, అక్కడే" అంటూ ఉండిపోయాను. తర్వాత సున్నిపిండితో జిడ్డు వదిలించి, టబ్‌లో ప్లాస్టిక్ స్టూల్ వేసి కూర్చోబెట్టింది. మరిగిన వేపాకు నీళ్లు వడకట్టి, చన్నీళ్లు కలిపి, మోచెయ్యి ముంచి చూశాకే మగ్గుతో నడుము మీద ధారగా పోసింది. కాగే నీళ్లు పోస్తేనే మంచిదనే మాట నమ్మకండి, ఒళ్లు కాలుతుంది. నా నొప్పి తగ్గించింది ఆకు కన్నా ఆ వేడి, ఆ మర్దనే అని నాకనిపిస్తుంది.

సాంబ్రాణి మాత్రం వద్దన్నాను. పసిపిల్ల ఊపిరితిత్తులకు పొగ మంచిది కాదు. అమ్మ కాస్త చిన్నబుచ్చుకుంది కానీ ఒప్పుకుంది. ఇంకో మాట, జ్వరం వచ్చినా, బ్లీడింగ్ ఎక్కువైనా స్నానాలతో తగ్గుతుందని ఆగకండి, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

తల తుడిచాక మిరియాల చారన్నం తిని రెండు గంటలు నిద్రపోయాను, పాపను అమ్మే చూసుకుంది. లేచి చూస్తే వంటింటి కిటికీలో, గ్లాసు నీళ్లలో ఆ ఊదా పూల కొమ్మ ఉంది.