పచ్చరంగు ట్యూబు పక్కన పెట్టండి

శ్రోతలకు నమస్కారం. ప్రకృతి దృశ్యాలు వేయడం నేర్చుకోవడానికి ముందు ఒక పాత చిత్రాన్ని చూసి వేయండి అంటే, కాపీ కొట్టడమా అని చాలామంది వెనకాడతారు. మొహమాటం అక్కర్లేదు. గండికోట అంచున కూర్చుంటే గంటలో నీడలన్నీ జరిగిపోతాయి. అచ్చుబొమ్మలో నీడ కదలదు, తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇంగ్లీషు చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821లో వేసిన 'ది హే వెయిన్', అంటే 'గడ్డి బండి', తీసుకుందాం. ఏటి నీళ్లలో గడ్డి బండి, ఎడమపక్క ఇల్లు, కుడివైపు పొలాలు, పైన మబ్బులు. అసలు చిత్రం వెడల్పు 185, ఎత్తు 130 సెంటీమీటర్లు. ఈ కొలతలు ఏ3 షీటుకు దాదాపు సరిగ్గా దిగుతాయి. అచ్చుబొమ్మనూ షీటునూ అడ్డంగా ఆరు, నిలువుగా నాలుగు భాగాలు చేసి, పెన్సిలుతో లేతగా గళ్లు గీయండి. గడికి గడి చూసుకుంటూ పెద్ద ఆకారాలు మాత్రం దించండి. ఆకులు, కిటికీలు ఇప్పుడొద్దు.

రంగుకంటే ముందు వెలుగునీడలు. ఫోనులో బొమ్మను నలుపు తెలుపులోకి మార్చి, కళ్లు చికిలించి చూడండి. చెట్ల గుంపు బాగా ముదురు, పొలం మధ్యస్థం, మబ్బు అంచు తెలుపు. ఈ మూడూ తప్పితే ఎంత మంచి రంగు వేసినా బొమ్మ చదునుగానే ఉంటుంది.

ఆక్రిలిక్, అంటే నీళ్లతో కలిపి వేసే, త్వరగా ఆరే రంగులైతే, అల్ట్రామెరీన్ అనే ముదురు నీలం, లెమన్ ఎల్లో, మట్టి పసుపులాంటి ఎల్లో ఓకర్, ఎర్రటి గోధుమరంగు బర్న్‌ట్ సియెన్నా, తెలుపు, కాస్త ఎరుపు చాలు. ట్యూబులోంచి నేరుగా తీసిన పచ్చ ప్లాస్టిక్ ఆకులా కొడుతుంది. అల్ట్రామెరీన్‌లో లెమన్ ఎల్లో కలిపితే లేత గడ్డి, ఓకర్ కలిపితే ఎండు పచ్చ, దానికి చిటికెడు సియెన్నా చేరిస్తే చెట్ల నీడ. కాన్‌స్టబుల్ పచ్చికలో ఒక్క పచ్చ కాదు, ఎన్నో పచ్చలున్నాయని ఫ్రెంచి చిత్రకారుడు డెలాక్రా కూడా గుర్తించాడు.

ముందు షీటంతా పలచని సియెన్నా పూసి ఆరనివ్వండి. తర్వాత ఆకాశం, దూరపు పొలం, చెట్లు, నీళ్లు, చివర్న బండి. గుర్రాల జీను మీది ఎర్రచుక్కలు అన్నిటికన్నా ఆఖర్న. అంత పచ్చలో ఆ చిన్న ఎరుపే చూపును లాగుతుంది. పెద్దది చేస్తే చెడుతుంది.

అనంతపురం, కడప ఎండలకు ఆక్రిలిక్ పళ్లెంలోనే బిగుసుకుపోతుంది. టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ పరిచి, పైన బటర్ పేపరు వేసి, దానిమీద రంగు కలపండి. ఫ్యాను కింద కూర్చోకండి.

ఆ తర్వాత గండికోటకు వెళ్లండి. వరస అదే, రంగులు మాత్రం తిరగబడతాయి. దగ్గరి రాయికి సియెన్నా, ఓకర్. దూరపు కొండచరియకు అదే మిశ్రమంలో తెలుపు, కాస్త అల్ట్రామెరీన్ కలపాలి. కలపకపోతే ఆ చరియ ముందుకొచ్చి నిలబడుతుంది, లోయ లోతు పోతుంది. పెన్నా నీళ్లకు వట్టి నీలం పూయకండి. ఆకాశానికి కలిపిన రంగులోనే కాస్త ఓకర్ వేసి వాడండి.