మూడు ఆదివారాలు, ఒక్క ప్రశ్న

అందరికీ వందనాలు. యవ్వనస్థుల కూడికలో పెళ్లి గురించి నాలుగు మాటలు చెప్పమని మన పాస్టరు అయ్యగారు అడిగారు.

మన గుడిలో పెళ్లికి ముందు 3 ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా వారి అబ్బాయికి, ఫలానా వారి అమ్మాయికి వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని. పాటల బృందాన్ని అడుగుతాం, ఆలస్యంగా వచ్చి వెనుక బెంచీలో కూర్చున్న వారినీ అడుగుతాం. మరి పెళ్లికూతురిని అడిగామా? బలిపీఠం ముందు అయ్యగారు అడుగుతారు కదా అంటారేమో. అప్పటికి బయట బిర్యానీ దమ్ము మీద ఉంటుంది. ఆ నిమిషంలో కాదనగల ఆడపిల్ల ఎవరమ్మా?

బైబిలులోని ఆదికాండం 24వ అధ్యాయం మన పెళ్లి ప్రసంగాలన్నింటిలో వస్తుంది. అబ్రాహాము కొడుకు ఇస్సాకుకు పిల్లను వెతకడానికి వచ్చిన దాసుడు బావి దగ్గర ప్రార్థించాడు, రిబ్కా వచ్చింది, అంతా దేవుని చిత్తం అని ముగిస్తాం. కానీ ఆ అమ్మాయి 10 ఒంటెలకు నీళ్లు తోడింది. దాహంతో ఉన్న ఒంటె ఒక్కసారికి దాదాపు 100 లీటర్లు తాగగలదు, లెక్క మీరే వేసుకోండి. ఆ దాసుడు అదంతా మాట్లాడకుండా చూస్తూ నిలబడ్డాడు. మనం చూసేది కాఫీ ట్రే ఎంత వణకకుండా తెచ్చిందని. ఇంకో సంగతి. అన్న, తండ్రి ఒప్పుకున్నాక కూడా, ప్రయాణం రోజున రిబ్కాను పిలిచి, ఈ మనిషితో వెళ్తావా అని అడిగారు. వెళ్తానంది. ఆ ఒక్క వచనాన్ని మనం గబగబా దాటేస్తాం.

నా పెళ్లిచూపుల్లో నన్ను ఒక పాట పాడమన్నారు, పాడాను. ప్రార్థన చేయమన్నారు, చేశాను. పెళ్లయ్యాక ఉద్యోగం మాన్పిస్తారా అన్నది నా ప్రశ్న. దాన్ని అడిగే వీలు ప్రధానం అయ్యాకే దొరికింది, అదీ ఉత్తరంలో. ఆయన రెండు పేజీల జవాబు రాశారు. ఒకటిన్నర పేజీ బైబిలు వాక్యాలే. చివరి వరుసలో "మీ ఇష్టం" అని ఉంది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇప్పుడు ఉత్తరాల పని లేదు. బయోడేటా ఫోనులోనే వస్తుంది. మారుమనస్సు పొందిన, బాప్తిస్మం తీసుకున్న అమ్మాయి కావాలని పైన రాసి, కింద కులం గడి కూడా నింపుతారు. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నె, పెళ్లి బల్ల దగ్గర వేరు! కట్నాన్ని కానుక అంటే 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఊరుకుంటుందా, దేవుడు ఊరుకుంటాడా?

ప్రధానానికి, పెళ్లికి మధ్య పిల్లలు ఫోనులో మాట్లాడుకుంటే పెద్దలకు భయం. నాకైతే మాట్లాడుకోకపోతేనే భయం. నాకు తెలిసిన ఒక జంటలో అమ్మాయిది లూథరన్ కుటుంబం, అబ్బాయిది పెంతెకొస్తు. ఆ సంఘంలో స్త్రీలు నగలు పెట్టుకోరని, తాళి కూడా ఉండదని ఆమెకు తెలిసేసరికి శుభలేఖలు పంచేశారు. తల్లి ఏడ్చింది. వారం రోజులు ఇద్దరూ ఆ ఒక్క విషయమే మాట్లాడుకుని, ఏ గుడికి వెళ్లాలో కూడా తేల్చుకుని, అప్పుడు పెళ్లి చేసుకున్నారు. జీతం, అప్పులు, తల్లిదండ్రులను ఎవరు చూసుకోవాలి, ఇవన్నీ అడగండి. అడగడం అవిశ్వాసం కాదు.

కుటుంబ ప్రార్థన గురించి కూడా చెప్పమన్నారు. పెళ్లయిన కొత్తలో రాత్రి భోజనాలయ్యాక మోకరించేవాళ్లం. "ప్రభువా, నా భార్యకు పొదుపు నేర్పు" అనేవారు మా ఆయన. నా వంతు వచ్చేసరికి "ప్రభువా, నా భర్తకు ఓర్పు దయచేయి" అనేదాన్ని. ఇద్దరం దేవుడికి చెబుతున్నట్టే చెబుతూ ఒకరినొకరు దెప్పుకునేవాళ్లం. ఒక రాత్రి ఆయనే మధ్యలో ఆపి, కళ్లు తెరిచి, "అసలు ఆ చీర ఎంతకు కొన్నావు?" అని అడిగారు. చెప్పాను. ధర విని కాసేపు మాట్లాడలేదు. తరువాత ఇద్దరికీ నవ్వు వచ్చింది. మళ్లీ కళ్లు మూసుకున్నాం.