డిసెంబరు 17 సాయంత్రం

శ్రోతలకు నమస్కారం.

మా చిన్నప్పుడు డిసెంబరు 1 రాగానే ఇంటి ముందు కాగితపు స్టార్ కట్టేవాళ్ళు. లోపల ఒక జీరో బల్బు. ఆ రోజు నుంచే కేరల్సు, కేకులు, కొత్త బట్టల హడావిడి. తీరా 25వ తేదీ మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి పండగ అయిపోయేది. సాయంత్రం గుమ్మంలో కూర్చుంటే ఏదో వెలితిగా ఉండేది. ఎందుకో తెలిసేది కాదు. పెద్దయ్యాక క్రైస్తవ మఠాల్లో క్రిస్మస్ ఎలా జరుపుకుంటారో చదువుతుంటే ఆ వెలితి ఎందుకో అర్థమైంది. వాళ్ళు పండగను ముందే ఖర్చు పెట్టేయరు.

ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు అనే సన్యాసి ఉండేవాడు. మఠంలో ఎలా బతకాలో 73 అధ్యాయాల్లో రాసిపెట్టాడు. ఎప్పుడు లేవాలి, ఏం తినాలి, ఎంతసేపు పని చేయాలి, వచ్చిన అతిథిని ఎలా చూసుకోవాలి, అన్నీ అందులో ఉన్నాయి. వారం తిరిగేసరికి 150 కీర్తనలూ పాడటం పూర్తి కావాలన్నాడు. ఆ నియమావళి ప్రకారం నడిచే మఠాలు ప్రపంచమంతటా ఇప్పటికీ ఉన్నాయి.

అక్కడ క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ ఆగమన కాలం, అంటే క్రీస్తు రాక కోసం ఎదురుచూసే కాలం. పూజ చేసే గురువులు ఊదారంగు వస్త్రాలు వేసుకుంటారు. ఆదివారం పూజలో మామూలుగా పాడే ‘సర్వోన్నతమైన స్థలములలో దేవునికి మహిమ’ అనే పాటను ఈ ఆదివారాల్లో పాడరు. అది యేసు పుట్టిన రాత్రి బేత్లెహేము పొలాల్లో దేవదూతలు గొర్రెల కాపరులకు వినిపించిన పాట కదా, ఆ రాత్రి వచ్చేదాకా దాచిపెడతారు.

పని మాత్రం తగ్గదు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో గెత్సెమని అనే మఠం 1848 నుంచి ఉంది. అక్కడి సన్యాసులు ఫ్రూట్ కేకులు తయారుచేసి అమ్ముకుని బతుకుతారు. క్రిస్మస్ ముందే కేకులకు గిరాకీ ఎక్కువ. లోకమంతా పండగ చేసుకోవడానికి వీళ్ళు కేకులు కట్టి పంపుతారు, తాము మాత్రం ఎదురుచూపులోనే ఉంటారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం డిసెంబరు 17 సాయంత్రం మొదలవుతుంది. ఆ రోజు నుంచి 23 దాకా, సాయంకాల ప్రార్థనలో యేసు తల్లి మరియమ్మ పాడిన స్తుతిగీతానికి ముందూ వెనకా రోజుకొక పిలుపు పాడతారు. క్రీస్తును రోజుకొక పేరుతో రమ్మని పిలవడమే అది. ఓ జ్ఞానమా, ఓ ప్రభువా, ఓ యెష్షయి వేరూ, ఓ దావీదు తాళపుచెవీ, ఓ ఉదయకాంతీ, ఓ జనముల రాజా, ఓ ఇమ్మానుయేలూ. యెష్షయి అంటే దావీదు రాజు తండ్రి, క్రీస్తు వాళ్ళ వంశంవాడే. ఇమ్మానుయేలు అంటే దేవుడు మనతో ఉన్నాడని. ప్రతిదీ ‘రా’ అనే వేడుకోలుతోనే ముగుస్తుంది. లాటిన్‌లో ఈ ఏడు పేర్ల మొదటి అక్షరాలను చివరి నుంచి మొదటికి కూర్చితే ‘ఏరో క్రాస్’ అని వస్తుంది. రేపు ఉంటాను అని దానర్థం. ఏడు రోజులు పిలిస్తే, ఆ పిలుపుల్లోనే జవాబు దొరుకుతుంది!

సరిగ్గా అవే రోజుల్లో మన దగ్గర ధనుర్మాసం మొదలవుతుంది. వైష్ణవాలయాల్లో తెల్లవారుజామునే రోజుకొక పాశురం చొప్పున తిరుప్పావై పాడతారు. ఆ చలిలో లేచి గుడికి వెళ్ళినవాళ్ళకు, రోజుకొక్కటే పాడుకుంటూ ఎదురుచూడటంలోని రుచి వేరే చెప్పక్కర్లేదు.

మధ్యయుగాల మఠాల్లో దీనికి ఒక అందమైన ఆచారం ఉండేది. ఏ పిలుపు ఎవరు ఎత్తుకోవాలో వాళ్ళ పనిని బట్టి నిర్ణయించేవారు. ‘యెష్షయి వేరూ’ అని 19న పాడేది తోటపని చూసే సన్యాసి. ఏడాదంతా మట్టిలో చేతులు పెట్టి వేళ్ళను తడిమే మనిషి! 20వ తేదీన ‘దావీదు తాళపుచెవీ’ అని పాడేది ఉగ్రాణం చూసే సన్యాసి. గింజల కొట్టుకూ ద్రాక్షసారా గదికీ తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. ‘నువ్వు తెరిస్తే మూసేవాడు లేడు, చీకట్లో చెరలో కూర్చున్నవాణ్ణి వచ్చి బయటికి తీసుకురా’ అని ఆయన పాడుతుంటే, రోజూ చేసే పనే ప్రార్థనగా మారేది. పాడినవాళ్ళు ఆ రోజు తోటివారికి తినడానికి ఏదో ఒకటి ప్రత్యేకంగా పెట్టేవారు కూడా. 21న పిలిచే పేరు ‘ఉదయకాంతి’. ఐరోపాలో ఏడాది మొత్తం మీద పగలు అతి తక్కువగా ఉండేది ఆ రోజుల్లోనే. నాలుగింటికే చీకటిపడే చోట నిలబడి వెలుగును పిలవడం ఎలా ఉంటుందో ఊహించండి.

ఇక 24వ తేదీన క్రీస్తు పుట్టుకను చాటుతూ చేసే ప్రకటన. మన పూజల్లో పురోహితుడు ‘కలియుగే ప్రథమపాదే’ అంటూ మొదలుపెట్టి ఆ రోజు తిథి దాకా వచ్చి సంకల్పం చెప్పిస్తాడు చూడండి, ఇదీ అలాంటిదే. సృష్టి జరిగిన 5199 ఏళ్ళకు, అబ్రాహాము పుట్టిన 2015 ఏళ్ళకు, రోము నగరం కట్టిన 752 ఏళ్ళకు, రోము చక్రవర్తి అగస్టస్ పాలనలో 42వ ఏట, లోకమంతా ప్రశాంతంగా ఉన్న వేళ అని పాత పాఠం సాగుతుంది. ఆ లెక్కలు నేటి చరిత్రకు అన్నీ కుదరకపోవచ్చు. కానీ యుగాలన్నీ దాటుకుంటూ వచ్చి యూదయ బేత్లెహేము పేరు దగ్గర గొంతు ఒక్కసారిగా పైకి లేస్తుంది. వింటున్నవాళ్ళందరూ మోకరిస్తారు. ఆ తరువాత అర్ధరాత్రి పూజ, అందులో ఇన్నాళ్ళూ దాచిన ఆ పాట. తెల్లవారుజామున ఇంకో పూజ, పగలు మూడోది.

ఇలాంటి జీవితం మనకు మరీ దూరమేం కాదు. 1958లో బెల్జియం నుంచి వచ్చిన ఫ్రాన్సిస్ ఆచార్య, ఇంగ్లండు నుంచి వచ్చిన బీడ్ గ్రిఫిత్స్ కలిసి కేరళలో వాగమన్ దగ్గర కురిసుమల ఆశ్రమం మొదలుపెట్టారు. అక్కడి సన్యాసులు కావి కడతారు, ఆవుల్ని పెంచుతారు, కేరళ క్రైస్తవుల్లో ఒక వర్గం పాటించే సిరియన్ మలంకర సంప్రదాయంలో ప్రార్థిస్తారు. ఆ సంప్రదాయంలో క్రిస్మస్ పూజప్పుడు సిలువ ఆకారంలో గుంట తవ్వి మంట వేస్తారు. పొలాల్లో చలికాచుకుంటున్న గొర్రెల కాపరుల గుర్తుగా, అందులో సాంబ్రాణి వేస్తారు.

మఠాల్లో 25తో ఏదీ ముగియదు. ఎనిమిది రోజులు అదే పండగ, ఆ తరువాత కూడా పండగ కాలమే, పసి యేసును చూడటానికి జనవరి 6న జ్ఞానులు వచ్చేదాకా.

మా ఇంట్లో ఇప్పుడు స్టార్ 24 సాయంత్రమే కడుతున్నాం, జనవరి 6 దాకా ఉంచుతున్నాం. వీధిలో అందరిళ్ళ ముందూ వెలుగుతుంటే మనది చీకటిగా ఉందని మొదటి ఏడు పిల్లలు ఏడ్చారు. అందుకని 17 నుంచి రోజూ సాయంత్రం దీపం పెట్టి ఒక పేరు చెప్పుకోవడం మొదలుపెట్టాం. 20వ తేదీ మా చిన్నదాని వంతు. ఆ రోజు ఇంటి తాళాల గుత్తి దాని చేతికే ఇస్తాం. అరిసెల డబ్బా తెరిచి అందరికీ పంచేది అదే.